మాతృవంశము - ఒక రాణి యస్థి

వంశచరిత్ర యనగానే మనకు స్ఫురించునది పురుషుల పేర్ల వరుస. తండ్రి, తాత, ముత్తాత. వారి గోత్రము, ప్రవర, ఇంటిపేరు, పూర్వులు విడిచివచ్చిన గ్రామము. ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరి రెండు మూడు తరములు గడచిన తెలుగు కుటుంబములవారు సైతము ఈ మాత్రము వివరములు తడుముకొనక చెప్పగలరు. కాని అమ్మమ్మ తల్లి పేరేమని యడిగినచో తడుముకొనకుండ చెప్పగలవారు మనలో ఎందరుందురు? ఆమె ఏ యూరి యాడపడుచు, ఆమెను కన్నతల్లి యెవరు అని మరి యొక మెట్టు పైకి పోయినచో సమాధానము చెప్పువారు దాదాపు కనిపింపరు.

ఇది కేవలము మరపు వలన జరిగినది కాదు. మన ఆచారమునందే ఆమెకు చోటు లేదు. తర్పణవిధిలో మాతృవర్గమని యొకటి యున్నమాట నిజమే. అందు తల్లి తరువాత వచ్చునది పితామహి, ఆమె తరువాత ప్రపితామహి; అనగా తండ్రి తల్లి, తాత తల్లి. మాతామహి వర్గము చూడుడు: అమ్మమ్మ పేరు చెప్పిన పిమ్మట 'మాతుః పితామహి', 'మాతుః ప్రపితామహి' యని చెప్పుదుము. అనగా అమ్మకు నాయనమ్మ, అటుపై ఆ నాయనమ్మ అత్తగారు. అమ్మమ్మను కన్నతల్లికి ఈ వర్గములలో దేనియందును నువ్వులు నీళ్లు లేవు. ఏటేట మంత్రము చెప్పుచునే యుందుము గాని ఈ లోపమును గమనించినవారు తక్కువ.

ఈ సందర్భమున శాతవాహనులను ఎవరైనను జ్ఞాపకము చేయవచ్చును. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పుళుమావి యని ఆ రాజులు తల్లుల పేర్లతోనే శాసనములకెక్కిరి. నాసిక గుహలో గౌతమీ బాలశ్రీ తన మనుమని 19వ పాలనా సంవత్సరమున వేయించిన శాసనము కుమారుని కీర్తికి నేటికిని ఆకరము. వారి తరువాత విజయపురి నేలిన ఇక్ష్వాకులును వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు అని ఆ పద్ధతినే పాటించిరి. దీనిని బట్టి ఆంధ్రదేశమున పూర్వము స్త్రీ వంశపాలన యుండెనని కొందరు ఉత్సాహముతో వ్రాసియున్నారు. నాకు ఆ మాట సమ్మతము కాదు. సింహాసనము పురుషుల వరుసలోనే సాగినది. అంతకంటె ముఖ్యమైన సంగతి, గౌతమి, వాసిష్ఠి, మాఠరి యనునవి గోత్రములను బట్టి వచ్చిన పేర్లు. ఆ గోత్రము ఆ రాణికి తన తల్లి యిచ్చినది కాదు. కావున 'గౌతమీపుత్రుడు' అన్నప్పుడు మనకు తెలియునది తల్లి పుట్టినింటి పురుషుల గోత్రమే.

నిజముగా తల్లి నుండి కూతురికి దిగు వరుసను పాటించినవారు మన దేశముననే లేకపోలేదు. మేఘాలయమున ఖాసీలు నేటికిని ఆ పద్ధతిలో నున్నారు. కేరళమున మరుమక్కత్తాయము 1975 నాటి చట్టముతో న్యాయరీత్యా అంతరించినను, మన ప్రక్కబల్లల వద్ద పనిచేయు మలయాళ మిత్రులలో తరవాడు పేరు చెప్పి అమ్మమ్మల వరుసను ఏకరువు పెట్టగలవారు ఇంకను గలరు. మనకట్టి పట్టిక లేదు. అయితే మన పట్టికలలో లేనంత మాత్రమున ఆ వరుస నశింపలేదనియు, ప్రతి మనుష్యుని శరీరమునందును అది లిఖితమై యున్నదనియు గత నాలుగైదు దశాబ్దులలో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చరిత్ర చదువుకొన్న నావంటి బి.ఏ. గారికి ఇది పరాయి విద్యయే యైనను, శాసనము, నాణెము, తాళపత్రము అను మన పాత సాక్షులకు తోడుగా వచ్చిన క్రొత్త సాక్షి గనుక దానిని గూర్చి కొంత తెలిసికొనక తప్పలేదు.

శరీరమందలి దాదాపు అన్ని రకముల కణములకును కేంద్రక మొకటి యుండును. తల్లిదండ్రు లిరువురి నుండియు సగము సగముగా వచ్చు డి.ఎన్.ఏ. అందుండును. ప్రతి తరమునను ఈ రెండు సగములు కలిసిపోయి మరల పంచబడుచుండుట చేత, పది తరముల క్రిందటి యొక స్త్రీ నుండి మనకు వచ్చిన భాగమేదియో వేరుచేసి చూపుట దుస్సాధ్యము. కాని కేంద్రకము వెలుపల, ఆహారమును శక్తిగా మార్చు మైటోకాండ్రియా యను సూక్ష్మాంగములు గలవు. వీనికి స్వంతముగా చిన్న డి.ఎన్.ఏ. యున్నది. అది వలయాకారముగా నుండును. దానిలోని అక్షరములు 16,569. జన్యువులు 37 మాత్రమే. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 1981లోనే దానిని మొదటినుండి తుదివరకు చదివి ప్రకటించిరి. బిడ్డకు ఇది తల్లి అండము నుండియే సంక్రమించును. తండ్రి బీజమునందును మైటోకాండ్రియా యున్నను అవి అండములో ప్రవేశించిన పిమ్మట నశించును. కావున కుమారునికిని కుమార్తెకును ఇది తల్లి యిచ్చినదే. కుమార్తె దానిని తన బిడ్డలకిచ్చును. కుమారుడు ఎవరికిని ఇయ్యలేడు. మన గోత్రమునకు ఇది సరిగా తలక్రిందు.

మరి తల్లులందరును ఒకే ప్రతిని ఇచ్చుచున్నప్పుడు ఒకరి వంశము నుండి మరొకరి వంశమును వేరుచేయుట యెట్లు? దీనికి తాళపత్ర గ్రంథముల పరిష్కర్తలకు చిరపరిచితమైన మార్గమొకటి కలదు. లేఖకుడు ప్రతి వ్రాయునపుడు ఎక్కడనో ఒక అక్షరము జారును. ఆ ప్రతిని చూచి వ్రాసినవారందరును ఆ దోషమును యథాతథముగా దింపుకొందురు. పది ప్రతులను ముందు పెట్టుకొని, ఏ దోషము ఏయే ప్రతులలో నున్నదో సరిచూచినచో, ఏ ప్రతి దేనికి బిడ్డయో, ఏ రెండు ప్రతులు ఒకే మాతృకకు పుట్టినవో తేలును. ఇ-ఆఫీసు రాకమునుపు టైపు ప్రతుల మీద పనిచేసిన మన పెద్దలకును ఇది అనుభవమే. పాత సర్క్యులరులో పడిన తప్పు పదేండ్ల తరువాత వచ్చిన జ్ఞాపికలోను అట్లే దర్శనమిచ్చెడిది. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.లోను అనేక తరములకొకసారి ఒక అక్షరము మారును. మారిన యక్షరము ఆ స్త్రీ కూతుళ్లకు, వారి కూతుళ్లకు దిగుచు పోవును. ఆ దోషములే శాఖలకు గుర్తులు.

ఈ పద్ధతితో 1987లో రెబెక్కా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ అను శాస్త్రజ్ఞులు వివిధ భూభాగములకు చెందిన 147 మంది మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను పోల్చిచూచి, శాఖలన్నియు సుమారు రెండు లక్షల సంవత్సరముల క్రిందట ఆఫ్రికాలో జీవించిన యొక స్త్రీ యొద్దకు చేరుచున్నవని ప్రకటించిరి. పత్రికలవారు ఆమెకు బైబిలులోని ఈవ్ పేరు పెట్టుటతో పెద్ద యపోహ బయలుదేరినది. ఆ కాలమున లోకములో ఆమె యొక్కతెయే స్త్రీ కాదు, వేలకొలది స్త్రీలుండిరి. వారి రక్తమును మనలో నున్నది. కాని కొడుకులు మాత్రమే కలిగిన తల్లితో, బిడ్డలు లేని తల్లితో ఈ వరుస తెగిపోవును. మగసంతు లేక ఇంటిపేరు అంతరించిన కుటుంబములను మనమెరుగుదుము గదా, అట్లే ఇదియును. కాలక్రమమున తక్కినవన్నియు తెగి ఒక్క వరుస మిగిలినది.

శాస్త్రజ్ఞులు శాఖలకు రోమను అక్షరములను పేర్లుగా పెట్టిరి. ఆఫ్రికాలోనివి ఎల్ శాఖలు. అందొక కొమ్మ నుండి పుట్టిన ఎమ్, ఎన్ అను రెండు శాఖలు ఆఫ్రికా దాటి లోకమంతట వ్యాపించినవి. భారతదేశమున సగమునకు పైగా జనులు తల్లి వైపున ఎమ్ శాఖలకు చెందినవారు. 2003లో చెంచులను, కోయలను, వారితో పాటు ఇతర జనులను పరీక్షించి ప్రకటించిన యొక అధ్యయనము, అడవి జాతులవారికిని ఊరి కులములవారికిని ప్రాచీనమైన మాతృవారసత్వము ఉమ్మడిదని తేల్చినది. నల్లమల చెంచు స్త్రీయు, అగ్రహారపు గృహిణియు అమ్మమ్మల మెట్లెక్కి పోయినచో ఎక్కడనో ఒకచోట కలిసికొందురన్న మాట. అంతకు రెండేండ్ల ముందు, 2001లో, విశాఖపట్టణము జిల్లా కులముల నుండి సేకరించిన నమూనాలను గూర్చి వెలువడిన వ్యాసము మరింత ఆలోచింపజేయునది. కులముల విషయమున తండ్రి వైపు వరుసలు చెప్పు కథయు తల్లి వైపు వరుసలు చెప్పు కథయు ఒక్కటి కావని అందలి సారాంశము. కులములకు కట్టిన గోడలు ఎంత యెత్తుగా నున్నను స్త్రీలు వానిని దాటియున్నారు. ఇష్టముతో దాటిరో, దాటింపబడిరో డి.ఎన్.ఏ. చెప్పదు. ఆ సంగతి చెప్పవలసినది చరిత్ర; అది యింతవరకు నోరు విప్పలేదు.

ఇక్కడ మన తెలుగువారికి సంబంధించిన చమత్కార మొకటి చెప్పవలసియున్నది. సాధారణముగా నాయనమ్మ మైటోకాండ్రియా మనుమలకు రాదు; ఆమె కొడుకుతోనే అది యాగిపోవును. కాని మనలో మేనమామ అక్క కూతురిని వివాహమాడుట కలదు. అప్పుడు వధువుకు తన తల్లి నుండి వచ్చినది అమ్మమ్మ మైటోకాండ్రియా. వరునికి తన తల్లి నుండి వచ్చినదియు అదియే, ఏలయన ఆ అమ్మమ్మయే అతని తల్లి. వారి బిడ్డలకు నాయనమ్మయు, తల్లికి అమ్మమ్మయు ఒక్కరే యగుటచే ఆ ముసలమ్మ ముద్ర చెక్కుచెదరక దిగును. గోత్రములు వేరు గనుక దోషము లేదని పురోహితుడు ముహూర్తము పెట్టును. తల్లి వరుస లెక్కలో మాత్రము ఆ వధూవరులు సగోత్రులే! పెద్దమేనరికమునందు, అనగా మేనమామ కూతురిని చేసికొనుటలో ఈ చిక్కు లేదు. ఆమె తన తల్లి వరుసతో వచ్చును.

సిద్ధాంతముల మాట యిట్లుండగా, ఈ విద్య చరిత్రలోని యొక ప్రశ్నను విప్పుటకు మన దేశముననే, మన హైదరాబాదుననే ఉపకరించిన కథ యొకటి గలదు. నాకీ విషయమున ఆసక్తి కలుగుటకును అదియే కారణము.

కాకసస్ పర్వతముల దిగువ నున్న జార్జియాలో 17వ శతాబ్ది ఆరంభమున కాఖేతి యను చిన్న రాజ్యముండెను. ఒక ప్రక్క తుర్కులు, వేరొక ప్రక్క పారశీకులు. ఆ రాజ్యపు రాణి కేతెవాన్. భర్త డేవిడ్ 1602లో మరణించెను. 1605లో ఆమె మరది కాన్‌స్టాంటైన్, పారశీక చక్రవర్తి షా అబ్బాసు ప్రోద్బలముతో, కన్నతండ్రిని, అన్నను వధించి గద్దె నాక్రమింపగా, కేతెవాన్ సామంతులను కూడగట్టి తిరుగుబాటు చేసినది. ఆ పోరులో మరది హతుడయ్యెను. బాలుడైన కుమారుడు తెయిమురాజును సింహాసనమెక్కించి ఆమెయే రాజ్యభారము వహించినది. మన రుద్రమదేవిని, చాంద్‌బీబీని ఎరిగినవారికి ఆమెను ఊహించుకొనుట కష్టము కాదు.

షా అబ్బాసు కాఖేతిని సులభముగా విడిచిపెట్టువాడు కాడు. బందీలుగా మనుష్యులను పంపుమని కోరెను. రాజ్యమును కాపాడుకొను ఆశతో 1614లో తెయిమురాజు తల్లిని, తన యిద్దరు కుమారులను పంపెను. అది ఫలింపలేదు. అబ్బాసు దండెత్తి కాఖేతిని నాశనము చేసి వేలకొలది జనమును పారశీకమునకు తరలించెను. రాణి షీరాజు నగరమున దాదాపు పదేండ్లు బందీగా నుండెను. బాలురిద్దరిని వేరుచేసి, నపుంసకులను చేసిరి. తుదకు 1624లో మతము మార్చుకొమ్మని రాణిని నిర్బంధించిరి. ఆమె యొప్పుకొనలేదు. కాల్చిన పట్టుకారులతో హింసించి చంపిరి. కుమారుడు తెయిమురాజు కవి. తల్లి మరణమును గూర్చి అతడు రచించిన కావ్యము జార్జియా సాహిత్యమున ప్రసిద్ధము. తల్లిని శత్రువు చేతికి తానే పంపిన కొడుకు ఆ కావ్యము నెట్లు వ్రాయగలిగెనో తలచుకొన్నచో మనస్సు కలగును.

షీరాజులో అప్పుడు పోర్చుగీసు అగస్టీనియను సన్న్యాసులుండిరి. వారు రాణి అవశేషములను రహస్యముగా వెలికితీసిరి. కొంత భాగమును కుమారునికి చేర్చిరి. కొంత భాగమును 1627లో గోవాకు తెచ్చి, పాతగోవాలోని తమ మఠమున భద్రపరచిరి. మఠపు మందిరములో రెండవ కిటికీ వద్ద నల్లని పెట్టెలో ఆమె చేతి యెముకలుంచితిమని వారి పత్రములు చెప్పుచున్నవి. దస్తావేజు ఇంత స్పష్టముగా నున్నప్పుడు వెదకుట యెంతసేపని యనిపించును. కాని 1835లో పోర్చుగలు ప్రభుత్వము మఠములను మూసివేసినది. 1842లో దేవాలయపు కప్పు కూలినది. తరువాత గోడలును కూలినవి. నేడు అచట మిగిలినది ఆకాశమున కెగబ్రాకు సగము గోపురము, మొండి గోడలు. గోవా విహారమునకు పోయిన మనవారు దానిముందు ఛాయాచిత్రములు తీయించుకొనియే యుందురు. కిటికీలే లేని శిథిలములలో రెండవ కిటికీ ఏది?

జార్జియావారి కోరికపై 1980ల చివరి నుండి అన్వేషణ సాగినది. 2004 ప్రాంతమున భారత పురాతత్త్వ శాఖవారి త్రవ్వకములలో అచట ఒక చేతి యెముక దొరకినది. మరి రెండు అస్థిఖండములును అక్కడివి గలవు. ఇవి రాణివేనా? మఠమన్న తరువాత అచట సన్న్యాసులు, భక్తులు ఎందరో సమాధి చేయబడియుందురు. ప్రశ్న హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చేరినది.

పాత యెముకలలో కేంద్రక డి.ఎన్.ఏ. చిక్కుట అరుదు, కణమునకు దాని ప్రతులు రెండే. మైటోకాండ్రియా ప్రతులు వందలు వేలు గనుక కొన్నియైనను మిగులును. అయినను మన దేశపు వేడిమి, తేమ వీనికి పరమశత్రువులు. ఢిల్లీకి కొద్ది గంటల ప్రయాణములో నున్న రాఖీగఢీయందు హరప్పా కాలపు అస్థిపంజరముల నుండి తీసిన అరువదికి పైగా నమూనాలలో తుదకు ఒక్క స్త్రీ డి.ఎన్.ఏ. మాత్రమే చదువనగుటయు, 2019లో ఆ వ్యాసము వెలువడుటయు చాలమంది పత్రికలలో చదివియుందురు. ఆమె తల్లి శాఖ యు2బి2. అది నేటికిని మన ఉపఖండమున నున్నది. నాలుగు వందల యేండ్లు గోవా వానలలో నానిన యెముక కొంత పలుకుట అదృష్టమే.

కె. తంగరాజ్, నీరజ్ రాయ్ మొదలగువారు చేసిన పరీక్షలో ఆ చేతి యెముక యు1బి యను శాఖకు చెందినదని తేలినది. తమ యొద్ద నున్న 22 వేలకు పైగా భారతీయుల వివరములతో పోల్చగా ఈ శాఖ ఒక్కరిలోను కనిపింపలేదు. జార్జియా నుండి తెప్పించిన 30 మంది నమూనాలను చూడగా ఇద్దరిలో కనిపించినది. తక్కిన రెండు ఖండములు మాత్రము ఎమ్ శాఖలకు చెందినవి; అనగా మన దేశపు తల్లుల బిడ్డలవి. ఈ ఫలితములు 2014 నాటి 'మైటోకాండ్రియన్' పత్రిక సంపుటమున వెలువడినవి.

ఇందలి తర్కమును మనవారు, ముఖ్యముగా ఫైళ్లపై అభిప్రాయములు వ్రాయువారు, శ్రద్ధగా గమనింపదగును. యు1బి అన్నంత మాత్రమున అది రాణి యెముక యని సిద్ధింపదు. ఆ శాఖవారు జార్జియాలోను, పరిసర దేశములలోను అనేకులుందురు. పోర్చుగీసు పత్రము మాత్రమే యున్నను చాలదు. సన్న్యాసులు పొరబడియుండవచ్చును, పెట్టెలు మారియుండవచ్చును. త్రవ్వకము మాత్రమే యున్నను చాలదు. కాని కాకసస్ ప్రాంతపు తల్లికి పుట్టినవారి చేతి యెముక, పత్రము చెప్పిన మఠముననే, పత్రము చెప్పిన చోటి పరిసరములలోనే, మరి ఏ కారణముచేత వచ్చియుండును? విడివిడిగా బలహీనమైన మూడు సాక్ష్యములు ఒకదాని నొకటి నిలబెట్టినవి. శాస్త్రజ్ఞులు 'అయియుండుటకే అవకాశమెక్కువ' యని వ్రాసి ఊరకుండిరి. ఆ సంయమనము నాకు మిక్కిలి నచ్చినది.

అంతకు మించి రూఢిపరచుటకు రాణి తల్లి వరుసకు చెందినవారు నేడెవరైనను సజీవులుగా నుండవలెను. ఇంగ్లాండులో మూడవ రిచర్డు రాజు విషయమున అట్టి భాగ్యము కలిగినది. 1485లో యుద్ధమున చచ్చిన ఆ రాజు అస్థిపంజరము 2012లో లీసెస్టరు పట్టణమున కార్లు నిలుపు స్థలము క్రింద బయటపడినది. అతని సోదరి యాన్ నుండి కూతుళ్ల వరుసలో దిగివచ్చిన ఇద్దరు సజీవులు దొరకిరి. వారి మైటోకాండ్రియా రాజుదానితో సరిపోయినది. వింత యేమనగా, పురుషుల వరుసలో అతని బంధువులని శతాబ్దులుగా పుస్తకములకెక్కినవారి డి.ఎన్.ఏ. సరిపోలేదు! మధ్య నెక్కడనో తండ్రి వేరైనాడు. తల్లి నిజము, తండ్రి నమ్మకము అని మనవారు ఊరక అనలేదు. కేతెవాన్ కుమారుడైన తెయిమురాజులో తల్లి ముద్ర యుండును గాని, అతని బిడ్డలలో నుండదు. రాజవంశపు పట్టికలు ఎంత దీర్ఘముగా నున్నను ఇట్టి ప్రశ్నకు పనికిరావు; అవి కొడుకుల పట్టికలు.

ఇటీవల మన కుటుంబములలోని యువకులు లాలాజలమును సీసాలో పెట్టి పంపి, తమ శాఖ ఫలానా యని కాగితము తెప్పించుకొనుచున్నారు. తప్పు లేదు. కాని పది తరముల వెనుక మనకు 1,024 స్థానములలో పూర్వులుందురు; ఈ కాగితము చెప్పునది వారిలో ఒక్క స్త్రీని గూర్చియే. దానిని చూచి మేము ఫలానా జాతి వారమని విర్రవీగుట, ఒక్క శాసనము చదివి సామ్రాజ్య చరిత్ర వ్రాయుట వంటిది. ఆ వేయిమందిలో ఈ యొక్కతెను గూర్చి ఇంతవరకు ఎవరును మనకు చెప్పలేదన్నదే దీని విలువ.

రాణి యస్థిని 2017లో మన ప్రభుత్వము జార్జియాకు ప్రదర్శనార్థము పంపగా, ప్రజలు ఊరూర దర్శించుకొనిరి. ఏడాది గడచిన పిమ్మట అది తిరిగి వచ్చినది. 2021 జూలైలో విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ తిబిలిసీ నగరమున అందొక భాగమును జార్జియా ప్రజలకు కానుకగా సమర్పించెను. వారి మతగురువులు ఆమెను ఏనాడో పుణ్యస్త్రీల కోవలో చేర్చియుండిరి గనుక ప్రార్థనలతో స్వీకరించిరి. షీరాజు నుండి బయలుదేరిన ఆ చేయి, గోవా మీదుగా, హైదరాబాదు మీదుగా, 397 సంవత్సరములకు స్వదేశము చేరినది.

మిగిలిన రెండు ఎముకల సంగతి చెప్పవలసియున్నది. వ్యాసమున వానిని క్యూ.కె.టి.2, క్యూ.కె.టి.3 అని వ్యవహరించిరి. తల్లి వైపున వారు ఈ దేశమువారు. అంతకు మించి వారిని గూర్చి ఆ వ్యాసమున పేరు గాని, ఊరు గాని లేదు.